పాత పురుగుల పెట్టెలు పారేయమంటున్నారు, ఏం చేయాలి?

గుణుపురం_జువాలజీ

నమస్తే అందరికీ. ఒడిశా వైపు సరిహద్దులో ఒక యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ల్యాబ్‌లో ఇంగ్లీషు, మా వైపు అందరి కథా ఇదే కదా.

విషయం ఏంటంటే మా డిపార్ట్‌మెంట్ పై అంతస్తులో చివరి గదిలో రెండు చెక్క బీరువాల నిండా ఇన్సెక్ట్ బాక్సులు, ఒక రాక్ నిండా గాజు సీసాలు ఉన్నాయి. సగం ఏదో పాత కాలేజీ నుంచి వచ్చినవంట, మిగతావి యూనివర్సిటీ మొదలయ్యాక స్టూడెంట్లు, లెక్చరర్లు పట్టినవి. ఇప్పుడు ఆ గదిని స్మార్ట్ క్లాస్‌రూమ్ చేస్తారంట. మా సార్ నన్నూ ఇంకో అమ్మాయినీ పిలిచి, ఫోటోలు తీసేసి బాగున్నవి నాలుగు షోకేస్‌లో పెట్టండి, మిగతావి తగలబెట్టేయండి అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, పైనుంచి ఒత్తిడి.

వాటి పరిస్థితి చెప్తాను. పెట్టె తెరిస్తే నాఫ్తలీన్ వాసనకి కళ్లు మండుతాయి. పేడపురుగులు, కొమ్ము పురుగుల కింద గోధుమ రంగు పొడి. కొన్ని చోట్ల పిన్ను, లేబుల్ మిగిలాయి, పురుగు లేదు. పాత పిన్నుల చుట్టూ పచ్చటి చిలుం. తర్వాతెవరో థర్మోకోల్ వేసి సర్దిన పెట్టెల్లో ఆ థర్మోకోల్ కరిగిపోయినట్టు గుంటలు పడింది. తిత్లీ తుపానప్పుడు పైకప్పు కారి కింది వరసలు తడిశాయంట, వాటి మీద తెల్లటి బూజు. సీసాల్లో తేళ్లు, జెర్రులు, సాలీళ్లు ఉన్నాయి గానీ చాలావాటిలో ద్రవం సగానికి దిగిపోయింది.

లేబుళ్లు చూస్తే మతి పోతుంది. "12.viii.34" అని ఉంది ఒకటి. "పర్లాకిమిడి, గంజాం, మద్రాసు" అని ఇంకోటి. ఇచ్ఛాపురం ఒక దాంట్లో గంజాం, ఇంకో దాంట్లో విశాఖపట్నం. మహేంద్రగిరివి చాలా ఉన్నాయి, పక్కన ఎత్తు అడుగుల్లో రాసి ఉంది. నాతో ఉన్న అమ్మాయి ఇవన్నీ ఎక్సెల్‌లో ఇప్పటి జిల్లా పేర్లతో సరిచేసి కొత్త లేబుళ్లు ప్రింట్ తీద్దాం అంటోంది. నాకెందుకో అలా చేయకూడదనిపిస్తోంది, ఎందుకో చెప్పలేకపోతున్నాను.

వీటిలో ఏవైనా బతికించడానికి వీలుందా, అసలు అంత విలువ ఉందా? సార్‌కి ఏం చెప్పి ఆపాలి? టెన్షన్‌గా ఉంది, వచ్చే నెల గది ఖాళీ చేయాలి.

---

విశాఖ_పెంకుపురుగు

చెల్లీ, ముందు తగలబెట్టడం ఆపు. ఆ పిన్నూ లేబులూ మాత్రమే మిగిలినవి కూడా పారేయకు, పురుగు పోయినా ఆ జాతిని ఆ తేదీన ఆ చోట పట్టారన్న రికార్డు అందులోనే ఉంది. నేను వ్యవసాయ కీటకశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మ్యూజియం పనిలో చేతులు పెట్టినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

ఆ గోధుమ పొడి డెర్మెస్టిడ్ పెంకుపురుగుల పని. వాటి పిల్లపురుగులు ఒళ్లంతా వెంట్రుకలతో ఉంటాయి, ఎండిన పురుగుల్ని లోపల్నుంచి తినేస్తాయి, కింద పొడి రాలుతుంది. పొడి ఉందంటే అది పాతదా ఇప్పటిదా అన్నది ముందు తేలాలి. పెట్టె అడుగున శుభ్రంగా తుడిచి తెల్ల కాగితం పరిచి కొన్ని రోజులాగి చూడు, కొత్త పొడి పడితే ఇంకా తింటున్నట్టే.

చంపడానికి మందు అక్కర్లేదు, ఫ్రీజర్ చాలు. పెట్టెని మూతతో సహా మందపాటి పాలిథీన్ కవర్‌లో పెట్టి టేప్ గట్టిగా వేసి మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచు. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకు, ఒక రోజంతా గది వేడికి రానివ్వు, లేకపోతే గాలిలో తేమంతా చల్లటి పురుగుల మీద నీళ్లై కూర్చుంటుంది, అప్పుడు బూజుకి నువ్వే భోజనం పెట్టినట్టు. మైక్రోబయాలజీ వాళ్ల దగ్గర డీప్ ఫ్రీజర్ ఉంటుంది, బతిమాలుకో.

నాఫ్తలీన్ గురించి అందరికీ ఒక భ్రమ ఉంది, అది పురుగుల్ని చంపుతుందని. మామూలుగా పెట్టెల్లో వేసే మోతాదులో అది వాటిని రాకుండా చేయడానికే కొంత పనికొస్తుంది, లోపల చేరినవాటిని చంపుతుందని నమ్ముకోకూడదు. పైగా మనుషులకి క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని పెట్టింది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలని కాపాడే ఒక ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లకైతే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం కూడా ఉంది, మీ ఏజెన్సీ వైపు మలేరియా ఉన్న ఊళ్లలో ఆ లోపం ఉన్నవాళ్లు ఎక్కువే కాబట్టి మీ ఇద్దరిలో ఎవరికైనా ఉందేమో కనుక్కో. థర్మోకోల్ గుంటలు పడటం కూడా నాఫ్తలీన్ ఆవిరి వల్లే. ఆ పెట్టెల్లో ఫ్రిజ్ ప్యాకింగ్‌లో వచ్చే మెత్తటి పాలిథీన్ ఫోమ్ షీట్ వేసుకో, అది కరగదు. నాఫ్తలీన్ ఉన్న పెట్టెలో పారాడైక్లోరోబెంజీన్ ఉండలు మాత్రం వేయకు, రెండూ కలిస్తే ద్రవంగా మారి పురుగుల మీదికి పాకుతాయి.

గ్లవ్స్ లేకుండా ఏదీ ముట్టుకోవద్దు. పాతకాలపు పెట్టెల్లో పాదరసపు లవణాలు, ఆర్సెనిక్, డీడీటీ వాడేవారు, ఏ పెట్టెలో ఏముందో ఎవరికీ తెలియదు. కిటికీలు తెరుచుకుని మాస్క్ పెట్టుకుని చేయండి.

బూజుని సన్నటి కుంచెతో, కొంచెం ఆల్కహాల్ అద్ది, కుంచె ఆనీ ఆననట్టు తుడవాలి. సీతాకోకచిలుకల రెక్కల జోలికి మాత్రం ఆల్కహాల్ పోనివ్వకు. విరిగిన కాళ్లు, మీసాలు పడి ఉంటే అదే పురుగువని ఖాయంగా తెలిసినప్పుడే చిన్న జిలటిన్ క్యాప్స్యూల్‌లో వేసి అదే పిన్నుకి కింద గుచ్చు. చిలుం పట్టిన పిన్నులు ఇత్తడివి, అందులోని రాగి పురుగు ఒంట్లోని కొవ్వుతో కలిసి అలా ఉబ్బుతుంది. వాటిని లాగి స్టీలు పిన్ను మార్చాలని ఉబలాటపడకు, సగం పురుగులు చేతిలోనే పగిలిపోతాయి. అది తర్వాత, చేయి తిరిగినవాళ్ల పక్కన కూర్చుని చేయాల్సిన పని.

12.viii.34 అంటే 1934 ఆగస్టు 12. నెల రోమన్ అంకెల్లో రాయడం కీటకశాస్త్రంలో పాత అలవాటు, 8/12 నా 12/8 నా అన్న గొడవ లేకుండా.

---

బరంపురం_బాబ్జీ

ఎవరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. స్మార్ట్ క్లాస్‌రూమ్ వస్తే పిల్లలకి ఉపయోగం. ఆ చచ్చిన పురుగుల్ని ఎవరైనా తెరిచి చూశారా ఇన్నేళ్లలో? మంచి కెమెరాతో ఫోటో తీస్తే లైబ్రరీ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. ఇప్పుడు ఫోన్‌లో యాప్‌లే పురుగు పేరు చెప్పేస్తున్నాయి. మనవాళ్లకి పాతదంటే చాలు, పట్టుకుని వేలాడతాం.

---

విశాఖ_పెంకుపురుగు

బాబ్జీ గారూ, ఫోటో తీయడం మంచిదే, అది ఎలాగూ చేయాలి. కానీ పెంకుపురుగుల్లో, చిన్న రెక్కల పురుగుల్లో చాలా జాతుల్ని పైనుంచి చూసి చెప్పలేం, పొట్ట చివర జననాంగాలు విప్పి మైక్రోస్కోప్ కింద చూస్తేనే తేలుతుంది. అలాంటివాటికి యాప్ చెప్పేది చాలాసార్లు ఫలానా కుటుంబం అని మాత్రమే. పాత నమూనా కాలు ముక్క నుంచి ఇప్పుడు డీఎన్‌ఏ తీస్తున్నారు, ఫోటో నుంచి తీయలేం కదా. తెరిచి చూసినవాళ్లు లేరన్నది నిజమే, అది పెట్టెల తప్పు కాదు.

---

ఉద్దానం_కుర్రోడు

బాబ్జీ అన్నా, మా కొబ్బరి తోటల సంగతి చెప్తా విను. సర్పిలాకార తెల్లదోమ పట్టి ఆకులన్నీ నల్లగా మసి పూసినట్టు అయిపోయాయి చూశావు కదా. అది మన దేశంలో 2016లో పొల్లాచ్చి దగ్గర మొదట కనపడింది. మొక్కజొన్నకి వచ్చే కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో మొదట దొరికింది. ఇవి బయటి నుంచి కొత్తగా వచ్చాయి అని ఎలా చెప్పగలిగారు? అంతకుముందు దేశంలో పోగేసిన పాత నమూనాల్లో అవి లేవు కాబట్టి కూడా. ఇప్పుడు ఢిల్లీలో ఉన్న పూసా జాతీయ కీటక భాండాగారం 1905లో బిహార్‌లోని పూసాలో మొదలైంది, అందులో లక్షల నమూనాలు ఉన్నాయి. కానీ వంశధార ఒడ్డున, మహేంద్రగిరి మీద 1934లో ఏం తిరిగిందో చెప్పే పెట్టె ఢిల్లీలో ఎందుకుంటుంది, ఉంటే గింటే ఈ అమ్మాయి బీరువాలోనే ఉండాలి.

ఇంకోటి, వరి పిలకని ఉల్లికాడలా గొట్టం చేసే ఉల్లికోడు పురుగు. వరిలో ఉల్లికోడుకి మన దేశంలో రకరకాల బయోటైపులు (ఒకే పురుగులో వేరువేరు రకాలు) ఉన్నాయి, ఒక చోట తట్టుకున్న వరి రకం ఇంకో చోట తట్టుకోదు. ఆ పాత పెట్టెల్లో లేదా సీసాల్లో వరి పురుగులు ఉంటే వ్యవసాయం వాళ్లు ఎగిరి గంతేస్తారు. అడగాల్సినవాళ్లని అడిగితే.

---

ఇచ్ఛాపురం_మాస్టారు

అమ్మాయీ, నీకు అనిపించింది నూటికి నూరుపాళ్లు సరైనదే. పాత లేబుల్ మీద ఒక్క అక్షరం దిద్దకు. తీసి పారేసి కొత్తది అసలే గుచ్చకు. నేను చరిత్ర చెప్పుకునేవాణ్ని, పురుగుల సంగతి తెలియదు గానీ, ఈ ఊళ్ల పేర్ల గొడవ నాకు తెలుసు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడింది. దానికి ముందు బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. జయపురం, కోరాపుట్, రాయగడ వైపంతా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. కాబట్టి "పర్లాకిమిడి, గంజాం, మద్రాసు" అని ఉంటే అది 1936కి ముందు రాసినదయ్యే అవకాశం ఎక్కువ. 1936లో పర్లాకిమిడి ఊరు ఒరిస్సాకి పోయింది, ఆ జమీందారీలో చాలా భాగం మద్రాసులోనే ఉండిపోయింది, అందుకే పర్లాకిమిడి ఎస్టేట్ అని మాత్రమే రాసి ఉంటే అది ఇప్పటి ఒడిశాలోదో శ్రీకాకుళంలోదో వెంటనే చెప్పలేం, గ్రామం పేరు పట్టుకోవాలి.

ఇచ్ఛాపురం గంజాం నుంచి విడిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. అంటే నీ దగ్గరున్న "ఇచ్ఛాపురం, విశాఖపట్నం" లేబుల్ 1936కీ 1950కీ మధ్యది అనుకోవచ్చు. సంవత్సరం లేని లేబుల్ ఉంటే ఈ జిల్లా పేరే నీకు ఆధారం, దాన్ని నువ్వు "శ్రీకాకుళం" అని దిద్దేస్తే ఆ ఆధారం పోయినట్టే. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న వచ్చాయి, కాబట్టి ఆ పేర్లు జిల్లాగా రాసి ఉన్న లేబుల్ అంతకుముందుది కానే కాదు. తిరగేసి మాత్రం నమ్మకు, పాత పేరు అలవాటుగా రాసేవాళ్లు ఉంటారు, మా నాన్నగారు చివరిదాకా ఉత్తరాల మీద గంజాం జిల్లా అనే రాసేవారు.

మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు, లేబుళ్ల మీద అడుగుల్లో ఉన్నది అలాగే ఉండనీ. మీటర్లలోకి మార్చినది కంప్యూటర్లో వేరే గడిలో రాసుకో.

---

సిరోంచ_సాగర్

మా గోదావరి ఒడ్డున కూడా ఇదే తంతు మాస్టారూ. పాత కాగితాల్లో సిరోంచ అంటే చాందా జిల్లా, సెంట్రల్ ప్రావిన్సెస్ అని ఉంటుంది, గడ్చిరోలి జిల్లా 1982లో వచ్చింది. ఆవలి ఒడ్డున పట్టిన దసలి పట్టుపురుగుని ఈవలి ఒడ్డు ఖాతాలో రాసినా అడిగేవాడుండడు.

---

గుణుపురం_జువాలజీ

మాస్టారూ, విశాఖ అక్కా, చాలా థాంక్స్. ఎక్సెల్‌లో "లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు" అని ఒక గడి, "ఇప్పటి జిల్లా" అని ఇంకో గడి పెట్టాం. ఇప్పుడు మీ మాటలు చూశాక ఇంకో అనుమానం. స్టూడెంట్ల పెట్టెలు కొన్నింట్లో ఇరవై ముప్ఫై పురుగులకీ ఒకే వారం తేదీలు ఉన్నాయి, ఊళ్లు మాత్రం కోరాపుట్ నుంచి గోపాలపురం దాకా. ఇది సాధ్యమా? సీసాల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

---

బాపట్ల_బ్యాక్‌బెంచ్

హహ, చెల్లీ, అవి సబ్మిషన్ ముందు వారం తేదీలు. అగ్రికల్చర్ బీఎస్సీలో ఇన్సెక్ట్ బాక్స్ పెట్టాలి కదా, సీనియర్ పెట్టెలోంచి పిన్నులు పీకి మన లేబుల్ గుచ్చడం కులవృత్తిలా సాగేది. అవి విడిగా పెట్టి "తేదీ, స్థలం నమ్మదగినవి కావు" అని ఒక చీటీ వేయి. గుర్తుపట్టడం నేర్పడానికి జూనియర్లకి అవి బంగారం, వాటిమీద ఎన్ని కాళ్లు విరిగినా ఎవరూ ఏడవరు. షోకేస్‌కి కూడా వాటినే వాడు, 1934 నాటివాటిని వెలుతురులో పెట్టకు, రంగు పోతుంది.

---

విశాఖ_పెంకుపురుగు

పై తమ్ముడు చెప్పింది కరెక్ట్.

సీసాలకొస్తా. తేలు, సాలీడు, జెర్రి, రోకలిబండ, మెత్తటి పిల్లపురుగులు, ఇవి పిన్నుకి ఎండబెడితే ముడుచుకుపోతాయి, అందుకే 70 నుంచి 80 శాతం ఆల్కహాల్‌లో ఉంచుతారు. ఆరుద్ర పురుగు కూడా పిన్ను సరుకు కాదు, అది ఎనిమిది కాళ్ల మైట్ జాతి, మంచంలో నల్లి కాదు, సీసాలోకే పోవాలి. ద్రవం సగానికి దిగిందంటే పైన కొత్తది పోసేయడం కాదు చేయాల్సింది. నీటికంటే ఆల్కహాల్ ముందు ఆవిరైపోతుంది కాబట్టి మిగిలినది ఎక్కువ నీళ్లే, కొత్తది కలిపినా ఎంత శాతమో తెలియదు. పాతది వంచేసి కొత్తగా 75 శాతం దగ్గర పోయి. మరీ పలచబడిపోయి ఉంటే మధ్యలో 50 శాతంలో ఒక రోజు ఉంచి పైకి తీసుకెళ్లు. పూర్తిగా ఎండిపోయిన సీసాలో మాత్రం ఏమీ పోయకుండా అలాగే పక్కన పెట్టు, వాటిని మెత్తబరచడం వేరే పని. ఘాటుగా ముక్కుకి కొడితే అది ఫార్మలిన్, గాలి తగిలే చోట మాత్రమే తెరువు, దాని మీద లేబుల్‌లో ఆ మాట రాయి, డీఎన్‌ఏ పనికి అలాంటివి కష్టం.

సీసా లేబుల్ లోపల వేసేది పెన్సిల్‌తో మందపాటి కాగితం మీద రాయి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, లేజర్ ప్రింట్ అక్షరాలు కొన్నేళ్లకి పొరలుగా లేచి అడుగున నల్ల పొడి అవుతాయి. పాత లేబుల్ తీయకుండా కొత్తది పక్కనే వేయాలి. స్పిరిట్ కొనడానికి ఎక్సైజ్ అనుమతి మీ డిపార్ట్‌మెంట్‌కి ఉందో లేదో ఆఫీసులో అడుగు, దాని దగ్గరే అందరూ ఆగిపోతారు.

మీ సార్‌ని మెత్తబరచడానికి ఒక చిట్కా. గది చీకటి చేసి యూవీ టార్చ్ తేళ్ల సీసా మీద వేసి చూపించు. ఎన్నేళ్ల క్రితం చచ్చిన తేలైనా ఆకుపచ్చగా మెరుస్తుంది.

అది చూశాక గుత్తి సాలీడు కథ చెప్పు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త ఒక నీలం సాలీడుకి పోయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు, మన అనంతపురం వైపు గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క సాలీడుని చూసి. ఆ తర్వాత వందేళ్లపాటు అడవిలో ఎవరికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. కలపతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని అప్పుడు అనుకున్నారు. ఆ ఒక్క నమూనా, దాని మీద గుత్తి అన్న పేరు దాచకపోయి ఉంటే ఎవరు ఎక్కడ వెతికేవారు?

---

బరంపురం_బాబ్జీ

సరే, సాలీడు కథ బాగుంది. మరి గది సంగతి? స్మార్ట్ క్లాస్ ఆగదు కదా. నాదొక ఐడియా, అవి యూనివర్సిటీ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కి ఉంటే కండెమ్నేషన్ కమిటీ సంతకాలు లేకుండా ఎవరూ పారేయలేరు. మా ఆఫీసులో విరిగిన కుర్చీకే ఆరు నెలలు పట్టింది. రిజిస్టర్ వెతుకు చెల్లీ, ఒక్కోసారి గవర్నమెంటు బద్ధకమే మంచిది.

ఇంకా మన బరంపురం పక్కనే గోపాలపురంలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం ఉంది. వాళ్లు ఎక్కువగా సముద్రం, నదీముఖాల జంతువుల మీద పనిచేస్తారు గానీ, ఎవరికి రాయాలో దారి చూపిస్తారు. జీవవైవిధ్య చట్టం కింద నమూనాలు దాచే అధికారిక సంస్థల్లో ఆ సర్వే కూడా ఒకటి.

---

విశాఖ_పెంకుపురుగు

బాబ్జీ గారూ, మీరు మా పార్టీలోకి వచ్చేశారు. ఒక్కటి కలుపుతా. కొన్ని సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో ఉన్నాయి, కాబట్టి ఎవరైనా ప్రైవేటు సేకరణకి ఇవ్వమన్నా, కొంటామన్నా, విదేశానికి పార్సిల్ చేయమన్నా ఒప్పుకోవద్దు. ఎర్ర లేబుల్ ఉన్న పురుగు కనపడితే అక్కడితో ఆగు, ఫోటో తీసి నాకు పంపు. కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న నమూనాకి ఎర్ర లేబుల్ గుచ్చడం ఆనవాయితీ.

---

గుణుపురం_జువాలజీ

రిజిస్టర్ దొరికింది! పెట్టెలు, సీసాలు విడివిడిగా ఎక్కించి ఉన్నాయి, కొన్నింటికి ధర అణాల్లో. ఆఫీసు గుమాస్తా గారు చూసి "ఇవి తగలబెడితే ఆడిట్‌కి నేను సమాధానం చెప్పాలా" అని సార్ దగ్గరికి ఆయనే వెళ్లారు. సార్ ప్రస్తుతానికి బీరువాల్ని మెట్ల కింద గదిలోకి మార్చమన్నారు. మైక్రోబయాలజీ వాళ్లు ఫ్రీజర్‌లో ఒక అర ఇస్తామన్నారు, ఒకసారికి రెండు పెట్టెలు పడతాయి. ఎర్ర లేబుల్ ఇంతవరకు కనపడలేదు. కరెంటు పోతే ఏం చేయాలి అక్కా, వానాకాలంలో మాకు గంటల తరబడి పోతుంది.

---

విశాఖ_పెంకుపురుగు

కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తీయకు, గంట రెండు గంటలకి ఏం కాదు. బాగా ఎక్కువసేపు పోయి వేడెక్కిందని అనుమానం వస్తే రెండు వారాల లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టుకో. పొడి రాలుతున్న పెట్టెలు ముందు, మిగతావి తర్వాత. ఫ్రీజర్ నుంచి వచ్చినవాటిని ఇంకా పెట్టనివాటి పక్కన పెట్టకు, అవి వేరే బీరువాలో. మెట్ల కింద గది అన్నావు, నేల నుంచి చెమ్మ ఎక్కుతుంది, బీరువాల కాళ్ల కింద ఇటుకలు పెట్టించు, గోడకి ఆనించవద్దు. తేమ కొలిచే చిన్న మీటర్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, సిలికా జెల్ పొట్లాలు వేసి రంగు మారినప్పుడల్లా ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడు. మహేంద్రగిరి పెట్టెల ఫోటోలు ముందు పంపు, లేబుల్ కూడా కనపడేలా.